గోడవైపు తిప్పిన బ్యాటరీ

బహిలాయ్ ఇంట్లో అడుగుపెట్టిన వాళ్ళ కాలికి ముందు తగిలేది బ్యాటరీయే. ఉత్తరాన మంచుదేశంలో, లేనా అనే నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో చలికాలమంతా కార్లు మంచులో కూరుకుపోయి పడుంటాయి. వాటి బ్యాటరీలు మాత్రం ఇంట్లో పొయ్యి పక్కన మనుషులతో కలిసి కాపురం చేస్తాయి. బయట వదిలేస్తే వసంతానికి అవి దేనికీ పనికిరావు మరి. సొంతంగా చూసుకోలేని వాళ్ళందరూ తమ బ్యాటరీలను, ట్రాక్టరు నడిపి రిటైరైన బహిలాయ్ దగ్గర పడేసి వెళ్ళేవారు. అతను వాటిని చెక్కపలక మీద వరసగా పెట్టి, అప్పుడప్పుడూ ఛార్జి ఎక్కించి, దుమ్ము తుడిచి, పసిపిల్లల్ని సాకినట్టు సాకేవాడు.

"ఇది ఇల్లా, బ్యాటరీల ఆస్పత్రా? ఇంటికొచ్చిన మనిషి కూర్చోడానికి చోటు లేదు గానీ వీటికి మాత్రం పొయ్యి పక్కన పడకలు!" అని అతని భార్య అక్సీన్యా సణిగేది.

"అరవకే, నిద్రపోతున్నాయి పాపం," అనేవాడు.

మంచివాడే, కాదనను. కాకపోతే నోరు కాస్త పెద్దది. "నా చేతిలో పెట్టిన బ్యాటరీ చచ్చిందని ఎవడైనా అంటే నా పేరు మార్చుకుంటా!" అని కనపడిన ప్రతివాడితోనూ అనేవాడు. అలాంటి మాట అన్నవాడికే పరీక్షలు వస్తాయి.

పక్కింటి ఒగ్దో అరవై దాటిన ఆడమనిషి. డెయిరీలో ఆవులు పితికి పితికి వేళ్ళు వంకర్లు పోయాయి. భర్త న్యుకులాయ్ పోయాక వచ్చిన మొదటి చలికాలంలో, కారు బ్యాటరీని మంచుబండి మీద ఈడ్చుకుంటూ వచ్చింది.

"తమ్ముడూ, మీ బావ ఉన్నన్నాళ్ళూ దీని సంగతి ఆయనే చూసుకున్నాడు. నాకు నడపడం ఒక్కటే తెలుసు. ఇక నీదే భారం."

"వదిలెయ్ అక్కా. వసంతంలో వచ్చి తీసుకెళ్ళడమే నీ పని."

నడి చలికాలంలో ఊళ్ళో మగవాళ్ళంతా చెరువు మీది మంచుకు కన్నాలు పెట్టి వలలు వేస్తారు. మధ్యాహ్నానికే చీకటి పడే రోజులవి, బ్యాటరీకి తగిలించిన దీపం లేనిదే పని సాగదు. బహిలాయ్ సొంత బ్యాటరీ వయసు మళ్ళింది, బండిని కదిలిస్తుంది గానీ గంటలకొద్దీ దీపం మొయ్యలేదు. ఒగ్దోది నిండుగా ఉంది. ఒక్కపూటకేగా అనుకుని దాన్నే పట్టుకెళ్ళాడు. ఆ రోజు చేపలు ఎలా పడ్డాయంటే, దీపం ఆర్పాలన్న ధ్యాసే ఎవరికీ లేకపోయింది. అది వెలిగి వెలిగి బ్యాటరీని పీల్చేసింది. ఇంటికొచ్చాక చేపలు పంచుకోవడాలు, వోడ్కా, నవ్వులు. బ్యాటరీ చలి వసారాలో మంచుబండి మీదే ఉండిపోయింది.

నిండు బ్యాటరీ చలికి ఓర్చుకుంటుంది, ఖాళీది నీళ్ళలా గడ్డకడుతుంది. ఈ పాఠం ఊరందరికీ చెప్పేది అతనే! తెల్లారి చూస్తే దాని ఒక పక్క ఉబ్బి ఉంది. లోపలికి తెచ్చి, కరిగాక, ఛార్జి పెట్టి చూశాడు. లాభం లేదు. ఉబ్బిన పక్కను గోడవైపుకు తిప్పి, మిగతావాటి మధ్య పెట్టేశాడు.

టౌనుకు వెళ్ళి అలాంటిదే కొత్తది తెచ్చి పెడితే ఎవరికి తెలుస్తుంది? అదీ అతని ఆలోచన. కానీ ఒకసారి నడుం నొప్పి, ఒకసారి గాలి, ఇంకోసారి ఏదో బద్ధకం. ఒగ్దో టీకి వచ్చి "నా బ్యాటరీ ఎలా ఉంది తమ్ముడూ?" అని మామూలుగా అడిగినా, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉలిక్కిపడేవాడు. ఆ రోజు పట్టిన చేపల్లోంచి ఒక మూట ఆమెకిచ్చాడు, అలాగైనా మనసు తేలికపడుతుందని. పడలేదు.

వసంతం వచ్చింది. ఒక పొద్దున ఒగ్దో పరుగులాంటి నడకతో వచ్చింది.

"బహిలాయ్, నది మీది మంచుదారి ఇవాళ సాయంత్రం మూసేస్తారట. అవతలి ఒడ్డున మా చెల్లెలు దార్యాకి బాగోలేదు. రమ్మని ఏడుస్తోంది. ఇవాళ దాటకపోతే మళ్ళీ పడవలు తిరిగేదాకా పోలేను. బ్యాటరీ పెట్టెయ్యి నాయనా!"

అప్పుడే చెప్పి ఉండాల్సింది. తన బ్యాటరీ తీసి బిగించినా ఆమె నది దాటి ఉండేది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, ఉబ్బిన బ్యాటరీనే కోటు కింద దాచి తీసుకెళ్ళి బిగించాడు. తీగలు గీకాడు. బోల్టులు తిప్పాడు. తనకు తెలియనట్టు తల గోక్కున్నాడు.

మధ్యలో రొట్టెల వ్యాను నడిపే ప్రోకోపీ ఆగాడు. "పెద్దమ్మా, నది అవతలికే పోతున్నా. ఎక్కు!"

ఒగ్దో సంచీ అందుకోబోయింది. బహిలాయ్ తల ఎత్తకుండానే, "నువ్వు పోరా! ఇదిగో, ఇప్పుడే స్టార్టవుతుంది," అన్నాడు.

వ్యాను వెళ్ళిపోయింది. పొద్దు వాలాక గానీ అతను ఇంటికి పరిగెత్తి తన బ్యాటరీ తేలేదు. దాంతో బండి వెంటనే గుర్రుమంది. ఒగ్దో నది దాకా నడుపుకుంటూ వెళ్ళింది. అడ్డుకర్ర దించేసి ఉంది.

"పొద్దున వచ్చుంటే పంపేవాణ్ణి పెద్దమ్మా. ఇప్పుడు మంచు మీద నీళ్ళు చేరాయి," అన్నాడట కాపలావాడు.

చెల్లెలి కోసం మంచులో దాచి మూటకట్టుకున్న, బహిలాయ్ ఇచ్చిన ఆ చేపలతోనే తిరిగొచ్చింది. పైగా ఓదార్పు ఎవరికి? బహిలాయ్‌కే! "నీ తప్పేముంది తమ్ముడూ. మీ బావ చేతికి అలవాటైన బ్యాటరీ. ఆయన వెనకే పోయింది."

నదిలో మంచు పెళపెళ విరిగి కొట్టుకుపోతున్న రోజుల్లో దార్యా పోయింది. ఒగ్దో ఒడ్డున నిలబడి, అవతలి ఒడ్డు వైపు చూస్తూ ఏడ్చిందని ఊళ్ళో చెప్పుకున్నారు. బహిలాయ్ ఆ వేసవంతా నది వైపే పోలేదు. బ్యాటరీల గురించి గొప్పలు చెప్పడం మానేశాడు. ఊరు అది వయసనుకుంది.

మళ్ళీ తొలి మంచు పడింది. ఒగ్దో కొత్త బ్యాటరీని మంచుబండి మీద ఈడ్చుకొచ్చి గుమ్మంలో దించింది.

"ఇదిగో తమ్ముడూ, నిన్ను కాక ఎవరిని నమ్ముతాను?"

బహిలాయ్ వంగి బ్యాటరీ పట్టుకున్నాడు. లేపలేకపోయాడు. అలాగే వంగి ఉండి చెప్పేశాడు: చెరువు, దీపం, వసారా, గోడవైపు తిప్పిన సంగతి. పొయ్యి దగ్గర అక్సీన్యా చేతిలోని గరిటె ఆగిపోయింది.

ఒగ్దో కోప్పడలేదు. వంగి బ్యాటరీ మీది మంచు తుడిచింది.

"పోనీలే, వస్తువు. పోయింది," అంది. తరవాత ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తింది. "ఆ రోజు ప్రోకోపీ నన్ను ఎక్కమన్నప్పుడు... అప్పటికే నీకు తెలుసా, అది స్టార్టవదని?"

అబద్ధం చెప్పడానికి ఆ క్షణంలో కూడా వీలుంది. పాపిష్టి నోరు, అలవాటు పడ్డ నోరు.

"తెలుసక్కా."

ఆమె బ్యాటరీని తనే ఎత్తి మంచుబండి మీద పెట్టుకుంది. సాయం పట్టడానికి అతను ఒక చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. ఆమె తాడు భుజాన వేసుకుని ఇంటివైపు ఈడ్చుకుంటూ పోయింది. ఆ చలికాలం పొయ్యి పక్కన చెక్కపలక మీద, ఆమె బ్యాటరీ ఉండే చోట అతను ఇంకేదీ పెట్టలేదు.