ఏడేండ్ల అప్డేటు, ఒక గుమ్మడికాయ

ఆ రోజుల్లో అంటే రాజులు ఏలిన కాలం అనుకునేరు. ఫోను పెట్టెలో చార్జరు ఇవ్వడం మానేసి, ఆ మానేయడం కూడా మన మంచికేనని కంపెనీలు నమ్మబలుకుతున్న కాలం. క్యాలెండరు ప్రకారం మొన్నమొన్నటిదే, ఫోన్ల లెక్కలో మాత్రం ముత్తాతల నాటిది. అప్పుడు నేను ఇచ్చోడ నుంచి కరీంనగర్ వచ్చి, బస్టాండు దగ్గర ఒక ఫోన్ల షాపులో చేరాను. ప్రపంచంలోని కష్టాలన్నీ జనం ఫోన్లు అప్డేట్ చేసుకోకపోవడం వల్లే వస్తున్నాయని నా గట్టి నమ్మకం. ఫోను కవరు కోసం వచ్చిన మనిషిని కూడా కూర్చోబెట్టి, ఏ కంపెనీ ఎన్నేండ్లు అప్డేట్లు ఇస్తుందో, ఏది ఇస్తానని ఎగ్గొడుతుందో పూస గుచ్చినట్టు చెప్పేవాణ్ని. (ఒకాయన వింటూ వింటూ కునుకు తీశాడు. నా మాటల మీద అంత ధ్యాస పెట్టాడని నేను మురిసిపోయాను.) మా సేటు గల్లాపెట్టె దగ్గర నుంచి అరిచేవాడు: "అరే అప్డేట్! జర ఊపిరి తీస్కో భాయ్. ఆయన కవరు కోసమొచ్చిండు, నువ్వు కాలేజి తెరిచినవ్." అట్లా నా పేరు పోయి 'అప్డేట్' మిగిలింది. చర్చిలో కూడా అదే పేరు.

చర్చి అంటే గుర్తొచ్చింది, అసలు కథ అక్కడే ఉంది. మా పాటల బృందంలో ఒక అమ్మాయి ఉండేది. ఆస్పత్రిలో నర్సు. రెండేండ్లుగా మేమిద్దరం మానేరు డ్యామ్ కట్ట మీద మిర్చి బజ్జీలు తింటూ మా భవిష్యత్తు గురించి మాట్లాడుకునేవాళ్లం (మాట్లాడేది ఆమె, తినేది నేను). సుల్తానాబాద్‌లో వాళ్ల నాన్నకు వరికోత మిషను ఉంది. కోతల కాలంలో ఆయన ఫోను మోగుతూనే ఉంటుంది. మనిషి మంచివాడే, ఒక్క పట్టుదల తప్ప: పిల్లలు ముందే మాట్లాడుకుని తెచ్చిన సంబంధం తన గడప తొక్కకూడదు. అందుకని ఆమె ఉపాయం చేసి, పాస్టరయ్య ద్వారా నా పేరు కొత్త సంబంధంలా ఇంటికి పంపించింది. మేమిద్దరం ఒకరికొకరం అస్సలు తెలియదు. ఇదీ మేము అనుకున్న మాట. అప్పటికే వాళ్లింట్లో హైదరాబాద్ నుంచి ఒక సాఫ్టువేర్ కుర్రాడి సంబంధం నడుస్తోంది. "ఒక దిక్కు సాఫ్టువేరు, ఒక దిక్కు అప్డేటు" అని మా సేటు పడి పడి నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆమె దక్కకపోతే మళ్లీ ఇచ్చోడ బస్సెక్కడమేనని నిశ్చయించుకుని ఉన్నాను.

ఒకరోజు ఆ పెద్దాయన, అంటే వాళ్ల నాన్న, షాపుకే వచ్చాడు. ఫోను కొనాలన్నది పైకి చెప్పిన మాట, నన్ను చూడాలన్నది లోపలి మాట. వస్తూనే నన్ను కిందికీ మీదికీ చూసి, "నిన్ను యాడనో జూసిన్నే పిల్లగా" అన్నాడు. "నేనా? లేదంకుల్, నేను సుల్తానాబాదే రాలే" అన్నాను. అది పచ్చి అబద్ధం. (ఎందుకంటే అంతకుముందు ఏడాది కోత పండుగకు పాటల బృందంతో అక్కడి చర్చికి పోయాను. ఆరాధన అయ్యాక జనం తెచ్చిన కానుకలు, బియ్యం, కోళ్లు, కూరగాయలు వేలం వేస్తారు కదా. ఒక పెద్ద గుమ్మడికాయ వచ్చింది. ముందు వరసలో ఒక మీసాలాయన వేలం పాట పాడాడు. ఆమె చూస్తోంది కదాని నేను పెంచాను. ఆయన పెంచాడు, నేను ఇంకా పెంచాను. ఆమె కండ్లు పెద్దవి చేసి తల అడ్డంగా ఊపుతోంటే నన్ను ఉత్సాహపరుస్తోందనుకున్నాను. గుమ్మడికాయ నాకు వచ్చింది. బయటికొచ్చాక తెలిసింది, ఆయన వాళ్ల నాన్న. ఆ కాయ ఆయన పెరట్లోదే. ఏటా కానుకిచ్చి ఏటా తనే పాడుకుంటాడు. దాన్ని కరీంనగర్ దాకా ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చాను, నా పక్కన ఎవరూ కూర్చోలేదు. అప్పుడు నాకు గడ్డం ఉండేది, మరునాడే గీయించేశాను.)

"సరే గని, ఏ ఫోను దీస్కోవాలె?" అన్నాడు పెద్దాయన. "గా హైదరాబాద్ పిల్లగాడు తెల్లది దీస్కొమ్మన్నడు." తెల్లదీ నల్లదీ రెండూ ఆ ఏటి గొప్ప ఫోన్లే. తెల్లదానికి నాలుగేండ్ల అప్డేట్లు, నల్లదానికి ఏడేండ్లు. నా దగ్గరున్నది నల్లదే. నాకు పూనకం వచ్చింది. ఏడేండ్లు, అంకుల్, ఏడేండ్లు! ప్రతి నెలా లోపాలు సరిచేస్తారు, ఏటేటా కొత్త రూపం ఇస్తారు, అప్డేట్ వచ్చిన రోజు ఇంట్లో పండుగే అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆయన ఓపికగా విని, మీసం తడుముకుని అడిగాడు: "అంటే, ఏడేండ్ల దాంక మరమ్మతు జేస్తమంటుండ్రు. అంటే ఏడేండ్ల దాంక ఖరాబ్ అయితనే ఉంటదన్నట్టే గదా?"

నేను తగ్గలేదు. "గట్ల గాదంకుల్, దొంగలు లోపల జొరబడకుండ..." "ఏ దొంగలు? నా ఫోనుల ఏమున్నదని? నాలుగేండ్ల రోగం మంచిదా, ఏడేండ్ల బీమారు మంచిదా, నువ్వే జెప్పు." సేటు గల్లాపెట్టె వెనక తుండుగుడ్డ నోట్లో కుక్కుకున్నాడు. నా ఉద్యోగ జీవితంలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు, కంపెనీవాళ్ల పుస్తకం తీసి తిరగేశాను. చివరికి పెద్దాయనే తీర్పు చెప్పాడు: "ఎద్దును కొంటె దున్నించి జూస్తం. గీ రెండు కూడ వారం రోజులు నాకాడ దున్నాలె. ఆ పిల్లగాడు ఆయన తెల్ల ఫోను ఇస్తనన్నడు. నువ్వు నీది ఇస్తవా?" నేను ఎగిరి గంతేసి "ఇస్త" అన్నాను. సేటు కౌంటరు కింద నా కాలు తొక్కాడు, నేను మర్యాదగా కాలు పక్కకు జరుపుకున్నాను.

ఇయ్యడానికి ముందు ఫోనులో ఆమె ఫొటోలు, మా ముచ్చట్లు అన్నీ తీసేశాను. బజ్జీల ఫొటోలు కూడా వదల్లేదు. ఎంత జాగ్రత్త! ఫోను మొత్తం చెరిపేసి ఇయ్యరా అని సేటు చెప్పాడు, విన్నానా? నేను పేర్చుకున్న అందం చెదిరిపోతుందని వినలేదు. రోజుకు పదిమందికి "మీ ఫొటోలు ఎటుపోవు, నకళ్లు పైన మబ్బుల్లో, అదే క్లౌడులో, భద్రం" అని చెప్పే నేను, ఆ మబ్బుల సంగతే మరిచిపోయాను. ఆయన ఒక సిమ్ము నల్లదాంట్లో వేసుకుని, రెండోది తెల్లదానికని జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఏడో రోజు మధ్యాహ్నం సాఫ్టువేరు, నేను ఇద్దరం సుల్తానాబాద్ వెళ్లి ఫోన్లు తెచ్చుకోవాలి, తీర్పు వినాలి. ఆ పొద్దున షాపులో ఉండగా కబురు తెలిసింది: నల్ల ఫోనుకు పెద్ద అప్డేట్ వచ్చేసింది! రెండు నెలలుగా దానికోసం చకోరంలా చూస్తున్నాను. షాపంతా చాక్లెట్లు పంచాను. సేటు ఫోను తీసుకుని, ఏమేం కొత్తవి ఇచ్చారోనని జాబితా పైకి చదవడం మొదలుపెట్టాను. మొదటిది, కొత్త అక్షరాలు. భలే. రెండోది, గుండ్రటి బొమ్మలు. అద్భుతం. మూడోది: 'మీకు ఇష్టమైన వ్యక్తుల పాత ఫొటోలు, సంగీతంతో సహా, తెర మీద వాటంతటవే ప్రత్యక్షమవుతాయి.' మబ్బుల్లోని నకళ్లు గుర్తొచ్చి చదవడం ఆపేశాను. సేటు నా మొహం చూసి, "క్యా హువా? చదువు, చదువు" అన్నాడు.

వెంటనే పెద్దాయన రెండో నంబరుకు, అంటే తెల్ల ఫోనుకు చేశాను. "అంకుల్, నల్ల ఫోనుల అప్డేట్ అని వస్తది. దయచేసి నొక్కకుండ్రి!" అవతల పెద్దాయన అన్నాడు: "గదేంది పిల్లగా? అప్డేట్ వచ్చిన దినం ఇంట్ల పండుగన్నవ్. నొక్కిన. తిరుగుతాంది." ఆపెయ్యండి అన్నాను. "నడిమిట్ల ఆపితె ఫోను సచ్చిపోతదని నువ్వే జెప్పినవ్" అన్నాడు. చెప్పాను. వారం కింద చేతులు తిప్పుతూ మరీ చెప్పాను. సేటుకు ఒక దండం పెట్టి బస్టాండుకు ఉరికాను. దారి పొడుగునా బస్సు ఆగిన ప్రతి చోటా నా పరువు కొంచెం కొంచెం దిగిపోతున్నట్టనిపించింది.

నేను చేరేసరికి సాఫ్టువేరు అప్పటికే వచ్చి కుర్చీలో మురుకులు తింటున్నాడు. పొందికైన పిల్లవాడు, చెప్పుకోవడానికి ఒక్క లోపం కూడా లేకపోవడమే నాకు నచ్చలేదు. ఆమె తలుపు చాటున నిలబడి, 'ఇంత తొందరగా వచ్చావేం' అన్నట్టు చూసింది. నేను కండ్లతోనే ఫోను వైపు చూపించాను. ఆమెకు అర్థం కాలేదు. నల్ల ఫోను టీపాయి మీద, పెద్దాయన అరచేయి దాని మీద. వేళ్ల సందుల్లోంచి చూస్తే అప్డేటు అరవై శాతం.

"అంకుల్, జర నాకిస్తే చూస్త" అన్నాను. "కూసో. తీర్పు విను" అన్నాడు. తీర్పు మొదలైంది. తెల్లది చాయ తాగేంతలో చార్జింగు నిండుతుంది, శభాష్. కానీ మిషను మీద ఎండలో పెడితే 'చల్లారినాక వాడండి' అని మొండికేసింది. "నేను గూడ ఎండలనే ఉన్న, నేనన్ననా గట్ల?" వచ్చిన కాల్‌కల్లా దొంగ, దొంగ అని ఎర్రగా చూపించింది. "మా వియ్యంకున్ని దొంగన్నది. నిజమే గని, గది ఫోనుకెట్ల తెలిసె?" డెబ్బై రెండు శాతం. నల్లది ఎండలో మంచిగ కనిపిస్తుంది, చార్జింగు మాత్రం పగటికే అయిపోతుంది. వేలిముద్ర రెండూ పట్టలేదు. ఇన్నేండ్లు స్టీరింగు పట్టి ఆయన వేలి గీతలు అరిగిపోయాయి. నోటితో చెబితే నల్లది రాసి పెడుతుందన్నానని, ఒక రైతుకు "మిషన్ రాలే" అని చెప్పాడట. అది "మిషన్. రా, లే" అని రాసింది. "పండుకున్నోడు లేసి పొలం కాడికి ఉరికిండు. పొద్దూకే దాంక నన్ను తిట్టుకుంట నిలవడ్డడు." ఎనభై ఐదు.

సాఫ్టువేరు గొంతు సవరించుకుని, తెల్లదాన్ని సమర్థించాడు. "అంకుల్, నాలుగేండ్ల అప్డేట్లు చాలు. నాలుగేండ్లకు అది పాతదైపోతుంది, కొత్తది తెచ్చుకోవచ్చు." పెద్దాయన ఆ కుర్రాణ్ని చూశాడు. తర్వాత తలుపు చాటున ఉన్న బిడ్డ వైపు చూశాడు. "నాలుగేండ్లకు పాతదైతదా?" అన్నాడు. పాపం, ఆ కుర్రాడు ఫోను గురించే అన్నాడు. "మా పెండ్లయి ముప్పై ఏండ్లాయె, ఒక్క అప్డేటు రాలే" అని పెద్దాయన మీసం దువ్వాడు. వాళ్లావిడ చాయ గ్లాసులు పెడుతూ, "నేను పంపుతనే ఉన్న. మీకే ఎక్కుతలేదు" అంది.

అందరం నవ్వుతుండగా నూరు శాతం అయింది. తెర నల్లబడింది, తిరిగి వెలిగింది. వయొలిన్ మోగింది. పైన పెద్ద అక్షరాలు: 'మీ ఇద్దరి మధుర క్షణాలు.' మొదటి ఫొటోలో డ్యామ్ కట్ట మీద ఆమె, నేను, ఒకే గొడుగు. రెండోదాంట్లో నా నోట్లో బజ్జీ పెడుతున్న ఆమె. సాఫ్టువేరు మురుకు కొరకబోయి ఆగిపోయాడు. ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నాకు సిగ్గు, భయం, ఏడుపు ఒకేసారి తన్నుకొచ్చాయి. రెండేండ్ల ఆశ వయొలిన్ సంగీతంతో సహా కూలిపోతుంటే చూస్తూ కూర్చున్నాను. ఇంతలో మూడో ఫొటో వచ్చింది: కోత పండుగ, చర్చి ముంగిట్లో గడ్డంతో నేను, ఒళ్లో పసిబిడ్డలా గుమ్మడికాయ.

పెద్దాయన ఫోను ఎత్తి కండ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. లేచి నిలబడ్డాడు. ఫోను నా మొహం పక్కన పెట్టి పోల్చుకున్నాడు. "గా గుమ్మడికాయ మీద పాట పెంచింది నువ్వేనారా?!"

"నేనే అంకుల్" అన్నాను. ఇక అబద్ధమాడే ఓపిక లేదు. "మీరెవరో తెలువక పెంచిన. మీ బిడ్డ జూస్తాంది గదాని పెంచిన. రెండేండ్ల సంది ఒకలకొకలం తెలుసు. తెల్వదని జెప్పింది తప్పే. కొట్టుండ్రి, గని వద్దనకుండ్రి."

"ఏం జేసినవ్ ఆ కాయను?"

"మా సేటు వాళ్లింట్ల హల్వా జేసిండ్రు."

"మంచిగుండెనా?"

"శానా మంచిగుండె అంకుల్."

ఆయన కూలబడ్డాడు. ఏడాదిపాటు ఎవడో అనామకుడి మీద పెంచుకున్న కోపం, ఇప్పుడు మనిషి దొరికాక ఎటు పోవాలో తెలియక మీసాల్లోనే తచ్చాడింది. చివరికి నిట్టూర్చి, "మీరిద్దరు దాచిండ్రు. గీ ఫోను దాచలే" అన్నాడు. "ఏడేండ్ల దాంక గిట్లనే నిజం జెప్తదా?" చెబుతుందన్నాను. "అయితె నల్లది నాకాడనే ఉంటది. నీ సంగతంటవా, వచ్చే కోత పండుగకు గసొంటి కాయ నువ్వే పండించి దేవాలె. నేను పాట పాడుత. నువ్వు నోరిప్పొద్దు." సాఫ్టువేరు తన తెల్ల ఫోను జేబులో పెట్టుకుని, నాకు చేయిచ్చి, మిగిలిన మురుకులు పొట్లం కట్టించుకుని వెళ్లాడు. నిజంగానే మంచివాడు.

గుమ్మడికాయ సేటు ఇంటి మేడ మీద కుండీలో పండించాను. టెంకాయంత కాసింది. పెద్దాయన గట్టిగా పాడాడు, నేను నోరిప్పలేదు, పెండ్లయిపోయింది. ఇప్పుడు నా ఫోనుకు అప్డేట్ వస్తే 'తర్వాత గుర్తుచేయి' అని నొక్కి పక్కన పెడుతున్నాను. కొత్తగా ఏది ఎక్కడ జరుపుతారోనని భయం. "ఏడేండ్లన్నవ్, ఏడాదికే ఆగిపోయినవ్" అని మా ఆవిడ పిల్లకు అన్నం పెడుతూ అంటుంది. మామ మాత్రం అదే నల్ల ఫోను వాడుతున్నాడు. అప్డేట్ వచ్చినప్పుడల్లా నాకు చేస్తాడు: "అల్లుడా, మల్ల వచ్చింది. నొక్కాల్నా? ఏమన్న బైటవడ్తదా?"

"నొక్కుండ్రి మామా. ఇంక దాచుకునేటిదేమున్నది?" అంటాను. ఆయన పకపకా నవ్వి నొక్కుతాడు. ఫోను పెట్టేశాక ఒళ్లో గుమ్మడికాయతో బస్సులో కూర్చున్న ఆ గడ్డం పిల్లగాడు గుర్తొస్తాడు. దాచుకోవడానికి వాడి దగ్గర ఎంత ఉండేదో తలచుకుంటే నవ్వొస్తుంది, నిజం చెప్పొద్దూ, వాడి మీద కొంచెం కుళ్లు కూడా పుడుతుంది.