బడి వరండా బీగం

మా ఊరి బడి వరండాకు ఇనుప గేటు పెట్టించింది నేను. ఈ మాటను కొంతకాలం గర్వంగా చెప్పుకున్నాను.

ముదిగుబ్బకు కొంత దూరంలో, గుట్టల నడుమ ఉన్న ఊరు మాది. నాయన, చిన్నాయన కలిసి ఒకే మందగా గొర్రెలు మేపుతారు. కార్తీకంలో ఈనిన పిల్లలకు నెల నిండకముందే చలి ముదురుతుంది. ఉత్త చలికి మా గొర్రెలు జంకవు. ఎక్కడో తీరం దాటిన తుపాను మా దాకా సన్నని ముసురుగా, ఒంటిని కోసే గాలిగా వచ్చినప్పుడే భయం. ఒంటి నిండా బొచ్చున్న తల్లులు ముళ్లకంచె రొప్పంలోనే తట్టుకుంటాయి. పిల్లలు తడిస్తే మాత్రం ఒక పూట కూడా బతకవు. అందుకే ముసురు పట్టిన రోజుల్లో పిల్లలను బడి వరండాలోకి తోలి, కింద వేరుశనగ పొట్టు పరిచి, గాలి కొట్టే వైపు గోనెపట్టాలు కట్టేవారు. ఉదయం, సాయంత్రం తల్లులు అక్కడికే వచ్చి పాలిచ్చి పోయేవి. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియని ఏర్పాటు అది.

ఆ వరండాలోనే ఒకటో తరగతి కూర్చునేది. నేనూ అక్కడే అక్షరాలు దిద్దాను. ఎంత ఊడ్చినా వాసన పోయేది కాదు. ముసురు వెలిసిన వారం రోజుల దాకా కాళ్లకు పిడుదులు పట్టేవి. అనంతపురంలో డిగ్రీ చదువుతూ, వాదోపవాద పోటీల్లో కప్పులు గెలుస్తూ ఉన్న కాలంలో, ఒక వేసవి సెలవులకు వచ్చినప్పుడు బడి పెద్దసారుకు అర్జీ రాశాను. 'పేదవాడి బిడ్డ కూర్చునే చోటు గొర్రెల దొడ్డి కారాదు. ఒక్క మినహాయింపు ఇస్తే నియమం మిగలదు' అన్నది అందులో నాకు బాగా నచ్చిన భాగం. నాయనకు చదివి వినిపించాను.

"బాగుండాది. మరి పిల్లల్ని యాడికి తోలల్ల?" అన్నాడు.

"షెడ్డు ఏసుకోవల్ల నాయనా. మన అవసరానికి బడి ఏం పాపం చేసింది?"

నాయన "నువ్వు చెప్పేది న్యాయమే" అన్నాడు. వానల్లేక చెట్టు చెట్టంతా ఎండిపోయిన వేరుశనగ చేను మీద షెడ్డుకు రేకులెలా మొలుస్తాయని ఆయన నన్ను తిరిగి అడగలేదు. ఎదుటివారి మౌనాన్ని ఓటమిగా తీసుకోవడం పోటీల్లో నాకబ్బిన గుణం. నేను గెలిచాననే అనుకున్నాను. బడి మళ్లీ తెరిచేసరికి వరండా పొడుగునా కమ్ముల గేటు వచ్చింది, దానికి బీగం పడింది.

ఆ డిసెంబరులో నేను సెలవులకు ఇంటికొచ్చి ఉండగా, ముసురు శనివారం సాయంత్రం, బడి మూసి అందరూ వెళ్లిపోయాక పట్టింది. ఆదివారం తెల్లవారేసరికి రొప్పంలో నీళ్లు నిలిచాయి. నలభైకి పైగా పిల్లలు ఒకదానిమీద ఒకటి ఎక్కి వణుకుతున్నాయి. మాది చూరు కారే ఒంటిగది ఇల్లు. పదిహేనింటికి మించి పట్టవు. ఇరుగుపొరుగు ఇళ్లల్లో వాళ్ల గొర్రెపిల్లలే నిండి ఉన్నాయి. ధర్మవరంలో ఉండే పెద్దసారుకు ఫోను చేశాను.

"తాళంచెవి నా దగ్గరే ఉందమ్మా. కానీ ఒక్క మినహాయింపు ఇస్తే నియమం మిగలదని రాసింది మీరే కదా. అర్జీ ఫైల్లో ఉంది" అన్నారాయన. ఆ గొంతులో వెటకారం లేదు. నా మాటను ఆయన మనస్ఫూర్తిగా నమ్మారు.

నేను గేటు దగ్గరికి వెళ్లేసరికి చిన్నాయన గడ్డపారతో నిలబడి ఉన్నాడు. కంబళిలో రెండు పిల్లలను పొదువుకుని నాయన ఆయనకు అడ్డంగా ఉన్నాడు.

"రెండు దెబ్బలకు ఊడిపోతాది బీగం. జరుగన్నా!"

"వద్దప్పా. నా బిడ్డ ఏయించిన బీగం ఇది. ఊరంతా చూస్తాండంగ నేనే పగలగొడితే, రేపు పాప నోరు తెరిస్తే ఎవుడన్నా ఇంటాడా?"

"పాప మాట బతికేదానికి ఇవి సావల్లనా?" అని చిన్నాయన నావైపు తిరిగాడు. "ఏమ్మా, నువ్వన్నా చెప్పు. కాలేజీలో కప్పులు గెలిచినావంట గదా, ఆ కప్పుల్లో పండబెడదామా వీటిని?"

ఇద్దరూ నన్నే చూశారు. 'పగలగొట్టండి' అన్న ఒక్క మాట చాలు. అది నా నాలుక మీదే ఉంది. ఆ మాటంటే నా అర్జీ తప్పని ఒప్పుకున్నట్టవుతుందేమోనని ఆలోచించాను. అర్జీ తప్పు కాదు, ఈ పొద్దు తలుపు తెరవడమూ తప్పు కాదు అని ఆలోచించాను. రెండింటినీ కలిపి చెప్పే వాక్యం కోసం వెతుకుతూ ఉండిపోయాను. చిన్నాయన గడ్డపారను బురదలోకి విసిరేసి, "కానీండి. తండ్రీ బిడ్డా ఇద్దరూ న్యాయస్తులే" అని పిల్లలను ఎత్తుకోవడానికి రొప్పం వైపు నడిచాడు.

ఆ రోజంతా ఇంట్లో పొయ్యి ఆరలేదు. గోనెసంచితో పిల్లల ఒళ్లు రుద్దాను. వాము, బెల్లం కాచిన నీళ్లను గుడ్డపేలికతో నోట్లో పిండాను.

"నోట్లో ఏలు పెట్టి చూడు. ఎచ్చగుంటే పాలు పట్టు, సల్లగుంటే పొయ్యికాడికి తే" అని అమ్మ చెప్పింది.

మధ్యాహ్నానికి నా వేలే చల్లబడిపోయి ఏ నోరు ఎలా ఉందో తెలియలేదు. ప్రతిసారీ వేలిని ముందు నా నోట్లో పెట్టి వెచ్చచేసుకుని, తర్వాత వాటి నోట్లో పెట్టాను. సాయంత్రానికి పదకొండు పిల్లల నోళ్లు ఇక వెచ్చబడలేదు. నాయన గుంత తవ్వాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే జవాబు చెప్పుకునేదాన్ని.

సోమవారం ఎండ కాసింది. పెద్దసారు వచ్చి గేటు తెరిచారు. వరండా పొడిగా, శుభ్రంగా ఉంది. ఒకటో తరగతి పిల్లలు వరుసగా కూర్చున్నారు. నేను అర్జీలో కోరినది అక్షరం తప్పకుండా నెరవేరింది.

కాసేపటికి రొప్పం నుంచి ఆరేడు గొర్రెలు మంద విడిచి బడి దగ్గరికి వచ్చాయి. పిల్లలను పోగొట్టుకున్న తల్లులవి. పోయిన ఏడు అవి పిల్లలకు పాలిచ్చింది ఈ వరండాలోనే. పొదుగులు బిగిసి, గేటు కమ్ములకు మూతులు ఆనించి అరవడం మొదలుపెట్టాయి.

పెద్దసారు బయటికి వచ్చి నన్ను చూశారు. "వీటిని తోలమ్మా. పిల్లలకు పాఠం వినిపించడం లేదు" అన్నారు.

ఆయన అడిగింది న్యాయమే. పక్కనున్న కంపపుల్ల తీసుకుని వాటిని తోలాను. మూడుసార్లు వెనక్కి తిరిగి వచ్చాయి. మూడుసార్లూ నేనే తోలాను.