రష్యా జోడు మాటలు

నా చిన్నప్పుడే నాకు రష్యన్ వచ్చు. తొమ్మిదేళ్ళకే వచ్చు. గల్ఫ్‌లో, రాస్ అల్ ఖైమాలో మా కూలీల క్యాంపు గదిలో ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు, కాదన్నవాడు ఒక్కడూ లేడు. కాదనాలంటే వాళ్ళకు రష్యన్ వచ్చి ఉండాలి కదా. ఒక సెలవునాడు సముద్రం ఒడ్డున కూర్చున్న రష్యా పెద్దావిడ దగ్గరికి పోయి "పూత్-దరోగ" అన్నాను. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయనీ, నా చెయ్యి పట్టుకుని వదల్లేదనీ గదికొచ్చి చెప్పాను. నిజానికి ఆమె పక్కనున్న సంచీని దగ్గరికి లాక్కుంది.

ఇక ఉన్నదే చెప్తాను. నాకొచ్చిన రష్యన్ మొత్తం ఆరు మాటలు. అవైనా విడివిడిగా రావు, జంటలుగానే వస్తాయి. వాటిని నేర్పింది జగిత్యాల పక్కన మా ఊళ్ళో మా పక్కింటి అక్క. ఆమె కొడుకును ఈ దేశానికి తెచ్చింది నేను. అతను ఇక్కడే పోయాడు. ఆ కబురు ఆమెకు చెప్పాల్సిన వంతు నాకే వచ్చింది. అది ఎలా చెప్పానో రాయాలంటే ఆ జంట మాటల దగ్గర్నుంచే మొదలుపెట్టాలి.

మా వాడలో ఆడవాళ్ళందరూ బీడీలు చేసేవాళ్ళు. పగటి అన్నాలు తిని, ఒళ్ళో చాటలు పెట్టుకుని పక్కింటి అరుగు మీద చేరేవాళ్ళు. అక్కకు అప్పుడు పదహారో పదిహేడో. ఆ అరుగు మీద చదువొచ్చింది ఆమె ఒక్కతికే. వాళ్ళ అన్న జగిత్యాలలో పుస్తకాల బండి దగ్గర కొన్న రష్యా కథల పుస్తకం ఒకటి ఉండేది. తెలుగులోనే ఉండేది. నున్నటి కాగితం, తంబాకు వాసన. అక్క చదువుతుంటే మిగతావాళ్ళ చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి, ఆకు చుట్టడం, మడవడం, దారం కట్టడం. చదివినంతసేపూ ఆమె చేతిపని ఆగుతుంది కాబట్టి, లేచేటప్పుడు తలా ఒక కట్ట ఆమె చాటలో వేసిపోయేవాళ్ళు. అట్లా వెయ్యమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

ఆ కథల్లో మాటలు ఎప్పుడూ జోడుగా వచ్చేవి. ముసలీ ముతకా "ఉండిరి, బతికిరి". కొడుకు ఉత్తగా దారి పట్టడు, "దారీ తెన్నూ" పడతాడు. తల్లికి ఉత్త దిగులు కాదు, "దిగులూ బెంగా". పుస్తకం చివర తెలుగు చేసినాయన ఒక చిన్న మాట రాశాడు. రష్యా పల్లెల్లో కథ చెప్పేవాళ్ళు ఒకే అర్థమున్న రెండు మాటలను జతచేసి పలుకుతారట. జిలీ-బిలీ. పూత్-దరోగ. గ్రూస్త్-తస్కా. తెలుగులోనూ అట్లాగే ఉంచానన్నాడు. అక్క ఆ మూడు జంటలనూ నా చేత వల్లె వేయించింది. నా రష్యన్ అంతా అదే.

ఒకరోజు అక్కకు జ్వరం తగిలి గొంతు పోయింది. నేను చదువుతానని ముందుకు దూకాను. అవతల నా సావాసగాళ్ళు గోలీలు పట్టుకుని గోటీలాటకు పిలుస్తున్నారు, తొందరగా ముగించాలి. జోడులో రెండో మాట దండగనిపించింది. ఒకసారి చెప్పింది మళ్ళీ ఎందుకని ఎగరగొట్టాను. ముసలివాళ్ళు ఉండిరి. కొడుకు దారి పట్టాడు. తల్లికి దిగులైంది. రెండు పేజీలు గడిచేసరికి చేతులు ఆగిపోయాయి. పళ్ళులేని ఒక అవ్వ ఆకూ కత్తెరా కింద పెట్టి, "ఏందిర పిలగా, రేడియోల వార్తలు చదువుతున్నవా? ఆ తల్లి కొడుకు పోయిండురా," అంది. అందరూ నవ్వారు. ఆ అవ్వ మాత్రం నవ్వలేదు.

వాళ్ళు లేచిపోయాక అక్క నన్ను తిట్టలేదు. తంబాకు నిండుగా ఉన్న తన చాట తీసి, "తమ్మీ, ఇది ఒక్క చేత్తో లోపట పెట్టిరా," అంది. నాలుగడుగులు వేశానో లేదో చాట వాలింది, తంబాకంతా గడప మీద పోయింది. అప్పుడు అక్క వంగి ఎత్తుకుంటూ, బొంగురు గొంతుతో అంది: "బరువున్న మాట గూడ గంతే. ఒక్క మాట మీద పెడితే ఒలుకుతది. రెండిటి మీద పెట్టాలె." కార్ఖానాలో తూచి ఇచ్చిన తంబాకు అది, పిడికెడు తగ్గినా ఆమెకే దెబ్బ. అయినా నాకు నేర్పడానికి ఒలకబోయించింది. అంత మంచిది మా అక్క.

యాభై ఏళ్ళు దాటాయి. ఆమె కొడుకు వీసా కోసం మా కఫీల్, అంటే వీసా ఇచ్చే అరబ్బు యజమాని, వెంట నెల రోజులు తిరిగింది నేనే. "అన్నీ నేను చూసుకుంటా అక్కా" అన్నది నేనే. కరోనా వచ్చిన ఏడాది క్యాంపు గేటుకు తాళం పడింది. గదికి ఎనిమిది మందిమి, ఒకడు దగ్గితే మిగతా ఏడుగురూ గోడవైపు తిరిగి పడుకునేవాళ్ళం. అతనికి జ్వరమొచ్చింది, అంబులెన్సు వచ్చి తీసుకుపోయింది. నేను కిటికీలోంచి చెయ్యూపాను. అతను చూశాడో లేదో తెలియదు. తొమ్మిదో రోజు ఆసుపత్రి నుంచి, అక్కడ పనిచేసే కాకినాడ వైపు నర్సమ్మ ఒకామె ఫోన్ చేసింది. "మీ ఊరాయన పొద్దున్నే పోయారండీ. ఇంటికి మీరు చెప్తారా, మమ్మల్ని చెప్పమంటారా?" అంది. నేనే చెప్తానన్నాను. మా అక్క, నేనే చెప్పాలి.

చెప్పాను. ఒక్క మాటతో చెప్పలేదు, ఆమె నేర్పినట్టే రెండేసి మాటల మీద పెట్టి, నిదానంగా, ఒలకకుండా చెప్పాను. అక్క ఏడవలేదు. "సరే తమ్మీ" అంది. శవం ఊరికి పోయే వీలు లేదు, విమానాలు లేవు. ఇక్కడే ఖలాస్. మట్టి వేసేటప్పుడు కూడా మమ్మల్ని రానివ్వలేదు. కానీ ఆ తల్లికి కబురు మాత్రం పద్ధతిగా అందిందని నాకొక తృప్తి ఉండేది. ఆ తర్వాత ఈ క్యాంపులో ఎవరింటికి చెడ్డ కబురు చెప్పాల్సి వచ్చినా మేనేజరు ముదీర్ సైతం నన్నే పిలుస్తాడు. నేను ఫోన్ తీసుకుని జోడు మాటలతోనే మొదలుపెడతాను. చిన్ననాటి ఆ పగటిపూట నుంచి నా దగ్గర మిగిలింది అదే.

ఇంతవరకూ రాసి, తప్పులుంటే చెప్పమని నిన్న అక్కకు ఫోన్లో చదివి వినిపించాను. డెబ్బై దాటినా చెవులు బాగానే పనిచేస్తాయి. మధ్యలో ఒక్కసారీ ఆపలేదు. అయిపోయాక అడిగింది.

"అయిపోయిందా?"

"అయింది అక్కా."

"చాట నేను నీకియ్యలే. గోటీలాటకు ఉరుకుతుంటే నీ కాలు తాకి ఒలికింది. పలాయించినవ్ నువ్వు. మా అమ్మ నన్ను కొట్టింది. బరువు, రెండు మాటలు, గవన్నీ నేను అనలే."

నవ్వి తప్పించుకుందామని చూశాను. "కథకు జర ఉప్పూ కారం కావాలె గదా అక్కా," అన్నాను.

"ఉండు, చెప్పనియ్యి. ఆ దినం నువ్వు ఫోన్ చేసినవ్. దిగులూ బెంగా అయితున్నదక్కా, దారీ తెన్నూ కనవడ్తలేదక్కా అన్నవ్. పిలగాని పానం ఎట్లున్నదిరా అని నేను మూడుసార్లు అడిగిన. మూడుసార్లూ గవే మాటలు తిప్పి తిప్పి చెప్పినవ్. ఆఖరికి దేవుడున్నడక్కా అని పెట్టేసినవ్. సరే తమ్మీ అన్న. ఇంకేమంట? తెల్లారి నర్సమ్మ ఏవో కాయితాలకు ఫోన్ చేసి, మీకు తెలిసే ఉంటది గదమ్మా అన్నది. నేను అప్పుడు వానికి జ్వరం తగ్గాలని ముడుపు కట్టుకుంట కూసున్న. నా కొడుకు సచ్చిపోయిండని నాకు చెప్పింది ఆ పిల్ల. నువ్వు చెప్పలే."