చిలకమ్మతో నేస్తం

రామనగుడ సంతకు వెళ్లే దారిలో గౌరీశ్వరి వెనక్కి తిరిగి చూడడం మానేసింది. చూస్తే అతను నవ్వుతాడు. చూడకపోతే చెప్పుల చప్పుడు దగ్గరవుతుంది. రెండింట్లో చప్పుడే నయం. తల మీద వంకాయల తట్టతో మెడ బిగుసుకుపోయింది. కాళ్లేమో పరుగెత్తమంటున్నాయి. పరుగెడితే తట్ట పడుతుంది, తట్ట పడితే ఇంట్లో పొయ్యి వెలగదు.

స్వతంత్రం వచ్చి ఆరేడేళ్లయిన రోజులవి. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి గుణుపురం చుట్టుపక్కల స్థిరపడ్డ రైతు కుటుంబం ఆమెది. మొగుడు లక్ష్మణుడు మలేరియాతో మంచానికి అతుక్కుపోయాక, దొడ్లో కాసిన కూరలు అమ్ముకురావడం ఆమె వంతయింది. సంతలో ఆశీలు వసూలు చేసే మల్లేశుకి ఈ సంగతి తెలుసు. మొదట మొగుడి ఒంట్లో ఎలా ఉందని అడిగాడు. తర్వాత తట్ట దించే నెపంతో చెయ్యి వేశాడు. ఇప్పుడు దారి కాస్తున్నాడు.

ఆడదానికి ధైర్యం ఉండాలని ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఆ తోవన ఒక్కసారి ఒంటరిగా నడిచి రావాలి. గౌరీశ్వరికి ధైర్యం లేదు, ఉపాయాలున్నాయి. సవర ఆడవాళ్ల గుంపు కోసం వాగు దగ్గర కాచుకునేది. వాళ్లు చుట్టుదారి పట్టినా వాళ్ల వెంటే పోయేది. గుంపు దొరకని రోజున, వెనకాల ఎవరూ లేకపోయినా, "మావా, బేగి రా!" అని మొగుణ్ణి కేకేసేది. ఊరి పెద్దల దగ్గరికి మాత్రం వెళ్లలేదు. ముందు నువ్వెందుకు నవ్వావని అడుగుతారు. మొగుడితోనూ చెప్పలేదు. లేవలేని మనిషి కత్తి పట్టుకుని లేస్తాడు, లేదంటే సంతకే వెళ్లొద్దంటాడు. రెండూ చావే.

ఆ వారం మల్లేశు వాగు దాటాక ఏకంగా పక్కకే వచ్చాడు.

"లచ్చన్నని గుణుపురం ఆసుపత్రికి తీసుకెల్తన్నారట గదేటి? ఇంట్లో ఒక్కర్తివే ఉంటావు. బయపడకు, నానొత్తాను."

"మా అత్త ఉంటాది."

"మీ అత్తకి సెవుడు గదే అమ్మి!"

నవ్వుకుంటూ ముందుకు వెళ్లిపోయాడు.

మర్నాడు అతను వేరే ఊరి సంతకు పోయిన పూట, పట్టపగలు గౌరీశ్వరి అతని ఇంటికే వెళ్లింది. పిడికిట్లో పూరీ జగన్నాథుడి ప్రసాదం, ఎండు మెతుకులున్నాయి. నలుగురి ఎదుట వాటిని ఒకరి నోట్లో ఒకరు పెట్టుకుంటే నేస్తం కట్టినట్టు. ఆ వైపున అది రక్తసంబంధానికి తక్కువేం కాదు. ఇక ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు, ఒకరి చుట్టాలు రెండో మనిషికీ అదే వరసలో చుట్టాలు. వరస తప్పినవాణ్ణి కులం వెలివేస్తుంది. గౌరీశ్వరికి దేవుడి మీద ఎంత నమ్మకముందో గానీ, వెలి మీద మాత్రం చాలా ఉంది.

మల్లేశు భార్య కృష్ణవేణమ్మ వాకిట్లో పక్కింటావిడతో కలిసి చింతపండు పిక్క తీస్తోంది.

"అక్కా, నీతో నేస్తం కట్టాలనొచ్చేను."

"నాతోటా! ఊర్లో ఇంకెవులూ దొరకనేదేటే?" అని నవ్వింది కృష్ణవేణమ్మ.

పక్కింటావిడ అందుకుంది. "కట్టెయ్యి కట్టెయ్యి! ఇకనుంచి మల్లేశు ఈ గుంటకి బావ. సరసాలాడినా అడిగినోడు నేడు!"

గౌరీశ్వరి వాకిట్లోనే ఆగిపోయింది. తెల్లవార్లూ ఆలోచించినా ఈ సంగతి ఎలా తట్టలేదు? అక్క మొగుడు బావ. మరదలితో బావ ఏమన్నా ఊరు నవ్వి ఊరుకుంటుంది. తన చేతులతో తనే అతనికి తలుపు తీసి పెడుతోంది. వద్దని వెనక్కి తిరిగితే ఎందుకని అడుగుతారు. ఏం చెప్పాలి? పిడికిలి విప్పకుండా రొమ్ముకు అదుముకుంది.

కృష్ణవేణమ్మ నవ్వు ఆగిపోయింది. ఆ పిడికిలి వంక చూసింది, ఆ మొహం వంక చూసింది. చేతులు దులుపుకుని ఇంట్లోకి కేకేసింది.

"అత్తా! ఓలత్తా! ఇలా రా. ఈ అమ్మి నేస్తం కట్టడానికొచ్చింది. నాకు సాలామందున్నారు, నీకే ఒక్కర్తీ నేదు."

మల్లేశు తల్లి చిలకమ్మ గోడ పట్టుకుని వచ్చింది. "పల్లు రాలిపోయిన దానికి నేస్తమేటే? నీకు మతి గాని పోయిందేటి?" అంటూనే నోరు తెరిచింది. మెతుకులు ఒకరి నోట్లో ఒకరు పెట్టుకున్నారు. పక్కింటావిడ విరగబడి నవ్వింది. అమ్మ నేస్తం అంటే కొడుక్కి చిన్నమ్మే మరి.

లక్ష్మణుడు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ గౌరీశ్వరి కత్తిపీట పక్కన పెట్టుకునే పడుకుంది. ఎవరూ రాలేదు. తర్వాతి సంతకు చిలకమ్మ కోడలి చెయ్యి పట్టుకుని పనిగట్టుకు వచ్చింది.

"ఒరే మల్లేశూ, సిన్నమ్మ కాల్లకి దండవెట్టు!"

బేరాలాడేవాళ్లు తిరిగి చూశారు. మల్లేశు వంగాడు. వంగిన చెయ్యి గౌరీశ్వరి చీలమండను పట్టుకుంది, వదల్లేదు. గోళ్లు దిగుతున్నాయి.

"లెగు నాయినా," అంది గౌరీశ్వరి, అందరికీ వినబడేలా. "మీ అమ్మ సూత్తంది."

వదిలాడు.

అక్కడితో కథ సుఖాంతమనేవాళ్లు ఆ తర్వాతి ఏళ్లు చూడలేదు. ముసలావిడ ఉన్నన్నాళ్లే ఆ వరసకు బలమని గౌరీశ్వరి మనసులో గట్టిగా నాటుకుంది. ఆవిడ దగ్గితే ఈమె గుండె జారేది. గంజి తెచ్చేది, కాళ్లు పట్టేది. ఇలాంటి నేస్తాన్ని ఎక్కడా చూడలేదని ఊరు మెచ్చుకునేది.

చివరి జబ్బులో చిలకమ్మే అడిగింది. "ఏటి నేస్తం, కన్నకొడుకు కన్నా నువ్వే ఎక్కువ బెంగెట్టుకున్నావు?"

"నువ్వు బతకాల నేస్తం."

గుమ్మంలో మల్లేశు నిలబడి ఉన్నాడు. "సీకటడతంది సిన్నమ్మా. పద, నాను దిగబెడతాను."

ఆ పిలుపులోని మర్యాద వినగానే గౌరీశ్వరి మంచం కోడు పట్టుకుంది.

"ఎల్లను. ఇక్కడే పడుకుంటాను," అంది.

కృష్ణవేణమ్మ అప్పటికే తన చాప పక్కన ఇంకో చాప పరుస్తోంది.