తెర ముందటి సీటు

మొన్న ఇందిరాపురంలో మా మేనల్లుడి ఇంటికి భోజనానికి వెళితే, వాడు తను విమానం ఎక్కినప్పుడల్లా ఖాతాలో జమయ్యే మైళ్ళ గురించి గంటసేపు వాయించాడు. ఒకే విమానంలో పక్కపక్కనే కూర్చున్నా, టికెట్టు మీద వేసే అక్షరాన్ని బట్టి ఒకడికి మైళ్ళు నిండుగా పడతాయట, చవక అక్షరం వాడికి సగం కూడా పడవట. వెనకాల కిక్కిరిసి ఎవరినైనా ముందు క్లాసులోకి జరపాల్సి వచ్చినా ఆ అక్షరమే చూస్తారట. "ఇవన్నీ నీకు అర్థం కావులే మామయ్యా" అన్నాడు. నేను పప్పన్నం కలుపుకున్నాను. ఆ అక్షరం సంగతి వాడు పుట్టకముందే నాకు తెలుసు. తెలిసి నేను వెలగబెట్టిన నిర్వాకం మాత్రం ఇంతవరకూ మా ఆవిడకు కూడా చెప్పలేదు.

ఎనభైల నడిమి రోజులవి. నేను ఢిల్లీలో ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసర్ని. సరోజినీ నగర్‌లో మాది కింది క్వార్టరు. పై క్వార్టరు వాళ్ళ దగ్గర ఒక గది తీసుకుని వరంగల్ నుంచి వచ్చిన తల్లీ కూతుళ్ళు ఉండేవారు. తండ్రి లేడు. ఆ అమ్మాయికి పాతికేళ్ళు దాటి ఉంటాయి, పాలం విమానాశ్రయంలో ఒక విమాన సంస్థ కౌంటర్లో ఉద్యోగం. టికెట్టు చూసి, సామాను తూచి, బోర్డింగ్ కార్డు ఇవ్వడం పని. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. ఏడాది గడిచి ఉద్యోగం పక్కా అయితే తల్లికి కంటి ఆపరేషన్ చేయించాలని ఆమె ఆశ. మా ఆవిడను ఆంటీ అనేది, నన్ను అంకుల్ అనేది. డ్యూటీ దిగి వచ్చి మా వంటింట్లో పీట వేసుకుని కూర్చుంటే ఆ కబుర్లకు అంతుండేది కాదు.

ఆ అక్షరాల మతలబు నాకు చెప్పింది ఆమే. పూర్తి ధర పెట్టి కొన్నవాడికి ఒక అక్షరం, రాను పోను కలిపి రాయితీలో కొన్నవాడికి ఇంకొకటి. వెనక సీట్లు చాలకపోతే పూర్తి ధర వాళ్ళనే ముందుకు జరపాలి, రాయితీ వాళ్ళను జరపకూడదు. అదీ రూలు. అప్పటికి మైళ్ళూ లేవు, కార్డులూ లేవు. కౌంటర్లో తెలిసినవాళ్ళుంటే అదే కార్డు.

"ఒక్కసారైనా ముందు క్లాసుకు అడ్డంగా వేసే ఆ తెర ముందు కూర్చోబెట్టమ్మా, జన్మ ధన్యమవుతుంది" అనేవాణ్ణి.

"మీరు ముందు విమానం ఎక్కుండ్రి అంకుల్, తర్వాత చూద్దాం" అని నవ్వేది.

ఒకసారి అన్నది కాదు, పదిసార్లు అన్నాను. వేళాకోళంగానే అన్నాను గానీ, లోపల కోరిక ఉంది. లేదంటే అబద్ధం.

ఆ చలికాలంలో హైదరాబాదులో ఒక మీటింగు పడింది. మా జాయింట్ సెక్రటరీ గారికి హోదాను బట్టి విమానం. నా హోదాకు రైలే. రైలు ఛార్జీ మాత్రమే ఆఫీసు ఇస్తుందంటే సరేనని, మిగతాది సొంతంగా పెట్టుకుని రాయితీ టికెట్టు కొన్నాను. అంత డాబు ఎందుకని మా ఆవిడ సణిగింది. విమానం ఎక్కాలని నాకు అంత మోజు.

పాలంలో ఆ ఉదయం కౌంటర్లో ఆమే ఉంది. వెనక సీట్లకంటే ఒక టికెట్టు ఎక్కువ అమ్మారట. ఎవరినో ఒకరిని ముందుకు జరపాలి. నా టికెట్టు అందుకుని అటూ ఇటూ చూసింది. కార్డు చేతిలో పెడుతూ, "ముందట కూర్చోండ్రి అంకుల్" అంది మెల్లగా. పండక్కి కొత్తబట్టలు పెట్టినంత సంతోషం ఆ పిల్ల ముఖంలో. ఇది రూలుకు విరుద్ధమని నాకు తెలుసు. వద్దనలేదు.

వెడల్పాటి సీటు, వేడి తువ్వాలు, గాజు గ్లాసులో నిమ్మరసం. ఒక గుక్క తాగానో లేదో, మా జాయింట్ సెక్రటరీ గారు బ్రీఫ్‌కేసు పట్టుకుని నా పక్కనుంచే వెనక్కి వెళుతూ కనిపించారు. ఆయనదేమో పూర్తి ధర టికెట్టు. గ్లాసు చేత్తో పట్టుకునే లేచి నిలబడ్డాను. "సర్, మీరు ఇక్కడ కూర్చోండి సర్" అన్నాను. ఎయిర్ హోస్టెస్ కుదరదంది. ఆయన నన్నూ, గ్లాసునూ చూసి, "బైఠియే, బైఠియే" అని కూర్చోమని చెప్పి తెర వెనక్కి వెళ్ళిపోయారు. ఆ రెండు గంటలూ ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉంది. ఏం పెట్టారో, ఏం తిన్నానో గుర్తులేదు.

హైదరాబాదులో కారెక్కాక ఆయన, "కౌంటర్లో మీకు జాన్ పహచాన్, తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగారు.

"లేదు సర్. వాళ్ళే ఇచ్చేశారు" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పుడు బాగా తెలుసు. ఏటా నా పనితనం మీద రహస్య నివేదిక రాసేది ఆయనే. ఆ ఏడు నా పేరు ప్రమోషన్ జాబితాలో ఉంది. తెలిసినమ్మాయిని పట్టుకుని పై అధికారికి రావలసిన సీటు కొట్టేశాడని ఆయన అనుకుంటే నా పని అయిపోయినట్టే. ఆయన చెడ్డవాడు కాదు. ఆరోజే నిజం చెప్పి ఉంటే ఒక మాట అని వదిలేసేవారేమో. కనుక్కునే ధైర్యం నాకు లేకపోయింది.

ఢిల్లీ వచ్చాక మా ఆవిడకు ముందు సీటు సంగతి చెప్పనే లేదు. ఆయన విమాన సంస్థకు ఫిర్యాదు రాశారు, పూర్తి ధర ఇచ్చిన తనను కాదని రాయితీ ప్రయాణికుణ్ణి ఎలా జరిపారని. వాళ్ళు ఆఫీసు చిరునామాకే నాకు ఉత్తరం పంపారు. కౌంటర్లోని ఉద్యోగిని మీకు తెలుసా, మీరేమైనా అడిగారా అని. మధ్యాహ్నం టీ రాకముందే జవాబు రాసేశాను. ఆమె ఎవరో తెలియదు, నేనేమీ అడగలేదు అని ఇంగ్లీషులో మూడు వాక్యాలు. సంతకం చేసి టపాలో వేయించాను.

ఆ సాయంత్రమే ఆమె మెట్లు దిగి వచ్చింది. మా ఆవిడ కూరగాయలకు వెళ్ళింది. ఆమె గుమ్మంలోనే నిలబడింది.

"అంకుల్, ఆఫీసుల ఎంక్వైరీ పెట్టిన్రు. పైసలు తీసుకొని సీటిచ్చిన అంటున్నరు. తెలిసినోళ్ళకు ఇస్తే మందలించి ఇడిచిపెడ్తరట. పైసలకైతే తీసేస్తరట. మిమ్మల్ని అడుగుతరు, జర చెప్పుండ్రి."

నా ఉత్తరం అప్పటికింకా టపాలోనే ఉంది. పొద్దున్నే వెళ్ళి ఇంకో ఉత్తరం రాయవచ్చు, ఫోను చేయవచ్చు, వాళ్ళ మేనేజరు ముందు నిలబడవచ్చు.

"చూద్దాంలేమ్మా" అన్నాను.

"మీరున్నరు గదా, నాకేం భయం" అని పైకి వెళ్ళిపోయింది.

మర్నాడు వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. ఫోను మీద చేయి వేసి, అవతల జాయింట్ సెక్రటరీ గారి గది తలుపు చూసి తీసేసేవాణ్ణి. సాయంత్రాలు ఆమె డ్యూటీ దిగే వేళకు ఇంట్లో ఉండకుండా మార్కెట్లో తిరిగేవాణ్ణి. సరోజినీ నగర్ మార్కెట్లో నాకు అవసరం లేని స్వెట్టర్లన్నీ బేరం చేశాను. ఇంత వయసొచ్చి ఒక ఆడపిల్లకు ముఖం చాటేసిన మగాణ్ణి.

పదిరోజులకు ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు.

ఆ రోజు అన్నం వడ్డిస్తూ మా ఆవిడ అగ్గిమీద గుగ్గిలమైంది. "ఎవడో రాయితీ టికెట్టు మహానుభావుడట. కోరి సీటు వేయించుకుని, తీరా అడిగితే ఈ పిల్లెవరో తెలియదని రాసిచ్చాడట. ఎవడే వాడు, పేరు చెప్పవే అంటే చెప్పదు. వాడి నోట్లో మన్ను పడ. ఏవండీ, వింటున్నారా?"

"వింటున్నాను" అన్నాను.

పేరు చెప్పలేదట. రోజూ మా వంటింట్లో కూర్చునే పిల్ల, మా ఆవిడ అంతగా గుచ్చి గుచ్చి అడిగినా నా పేరు బయటపెట్టలేదు. అప్పుడైనా కంచం ముందు నుంచి లేచి, వాణ్ణి నేనే అనలేకపోయాను.

ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడే ఆమెను చేయి పట్టుకుని కిందికి తీసుకొచ్చింది. అప్పీలు రాయించాలట. మా బ్లాకులో ఎవరికి ఏ అర్జీ కావాలన్నా నా దగ్గరికే వచ్చేవారు. మా ఆవిడకు అది గర్వం.

"మీ అంకుల్ రాత ముత్యాలే అనుకో. ఎప్పుడైనా చూశావా?"

"చూసిన ఆంటీ" అంది ఆమె.

నాకు తల కొట్టేసినట్టయింది. ఎంక్వైరీలో నా ఉత్తరం ఆమె ముందు పెట్టి ఉంటారు. మా ఆవిడ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. వంటింట్లో గిన్నె చప్పుడు వినిపిస్తోంది. నేను కలం కింద పెట్టాను.

"అమ్మా, నేను..."

"రాయుండ్రి అంకుల్. ఆంటీ వస్తది."

గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. తిట్టినా, ఏడ్చినా, మీకు సీటిచ్చినందుకు ఇదా అన్నా, ఆ క్షణంలో నేను లేచేవాణ్ణేమో. ఆమె కుర్చీ అంచున కూర్చుని కాగితం వైపే చూస్తోంది.

"ఏం రాయమంటావు?"

"ఆ ప్యాసింజర్ నాకు తెల్వదు. పైసలు తీసుకోలే. టికెట్ మీద అక్షరం పొరపాటుగ చూసిన, గంతే. గట్లనే రాయుండ్రి. నిజం రాస్తే మీ ఉత్తరం అబద్ధం అయితది. మీ నౌకరి మీదికి వస్తది. అందరిదీ ఎందుకు పోవాలె."

ఇలా రాస్తే అప్పీలు నిలవదని నాకు తెలుసు. కౌంటర్లో అక్షరం చూడటమే ఆమె పని. అది పొరపాటుగా చూశానని రాసిన వాళ్ళను మళ్ళీ ఎవరు తీసుకుంటారు? నిజం నాలుగు వాక్యాలు రాసి కింద నా సంతకం పెడితే ఆ సాయంత్రానికే వ్యవహారం మారిపోయేది. కలం నా చేతిలోనే ఉంది.

ఆమె చెప్పినట్టే రాశాను. మంచి ఇంగ్లీషులో, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, రాస్తున్నంతసేపూ నా మనసులో ఉన్నది బాధ కాదు, గండం గడిచిందన్న ఊరట.