నాయనమ్మ సంచిలోని ఇత్తడి బిల్ల

దసరా ముందు చింతపండు రసంలో ఇత్తడి సామాన్లు నానుతున్న వాసన వస్తే అందరికీ పండుగ గుర్తుకొస్తుంది, నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. మొన్న మా నాగోల్ ఫ్లాట్‌లో అత్తమ్మ కుందులూ చెంబులూ తోముతూ, పూజ అరలో మూలకున్న ఇత్తడి బిల్లను చేతిలోకి తీసుకుని "గిది గూడ తోమాల్నా బిడ్డా?" అని అడిగింది. "ముట్టుకోకు అత్తమ్మా!" అని ఎంత గట్టిగా అరిచానంటే, పాపం, ఆమె చేతిలోని చెంబు జారి సింకులో పడింది. తర్వాత తప్పయిందన్నాను కానీ, ఎందుకరిచానో చెప్పలేకపోయాను.

ఆ బిల్ల మా నాయనమ్మది. రూపాయి కంటే కాస్త పెద్దది, పైన తాడు కట్టుకోవడానికి ఒక చిల్లు, ఒకవైపు నున్నగా, రెండోవైపు అరిగిపోయిన ఉర్దూ అక్షరాలు. నా చిన్నప్పుడు నల్లగొండ పల్లె నుంచి వచ్చి మేం ఎల్బీనగర్ గల్లీలో రెండు గదులు కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. ఆ బిల్ల ఎప్పుడూ ఆమె నడుముకున్న గుడ్డసంచిలో, వక్కలకూ సున్నపు డబ్బీకీ పొగాక్కూ మధ్య, ఆ వాసనలన్నీ పట్టించుకుని ఉండేది. నాయనమ్మ నాలుగేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఆమె తండ్రి ఏ మిల్లులోనన్నా పని దొరుకుతుందని పట్నం పోయాడట. ఏడాది తిరక్కముందే ఎవరో ఒక ధోవతినీ ఈ బిల్లనూ తెచ్చిచ్చి, మనిషి జ్వరంతో పోయాడని చెప్పి వెళ్లిపోయాడట. ఎక్కడ పనిచేశాడో అడగాలని ఆ ఏడుపులో ఎవరికీ తోచలేదు. అది జైల్లో ఖైదీలకు కట్టే బిల్ల అని ఊళ్లో ఎవడో అన్నాడు, అంతే! పెళ్లయ్యి, పిల్లలు పుట్టాక కూడా ఆమెను దొంగోని బిడ్డ అన్నారు.

"మా నాయన దొంగ గాదే. యాడ పనిజేసిండో గీ బిల్ల మీద రాసుంటది. సదివేటోడే దొరకలే," అనేది నాయనమ్మ, వక్క కొరుకుతూ.

నాకప్పుడు పదకొండేళ్లు, తెలంగాణ ఉద్యమం గల్లీగల్లీనా ఉడుకుతున్న రోజులు. బడులు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి, మేం హైవే మీద క్రికెట్ ఆడాం, ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండిన కిచిడీని విస్తరాకుల్లో ఊదుకుంటూ తిన్నాం. పనిలేని ఆ రోజుల్లో ఆ బిల్ల సంగతి తేల్చాలని నాకు పట్టుదల పుట్టింది. ఆటో తోలే మా బాపు, అది నిజాం పైసా అన్నాడు. కిరాణా సేటు రేషన్ బిల్ల అన్నాడు. ఒక్కడికీ ఉర్దూ రాదు, ఒక్కడూ నాకు తెల్వదు అనలేదు! చివరికి మూసారాంబాగ్‌లో గడియారాలు బాగుచేసే ముసలాయన ఎంత అరిగిన ఉర్దూ అయినా చదువుతాడని తెలిసింది. కానీ ఎట్లా పోవాలి? ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి మళ్లీ బంద్. నాయనమ్మ రోజూ పొద్దున్నే ఉతికిన చీర కట్టుకుని గడపలో కూర్చునేది, మధ్యాహ్నానికి విప్పి మడతపెట్టేది.

సద్దుల బతుకమ్మకు ముందురోజు, పండుగకని రేపు బండ్లకు దారి ఇస్తారని బాపు చెప్పాడు. ఆ సాయంత్రం మా అమ్మ నల్లా దగ్గర ఇత్తడి సామాన్లన్నీ కుప్పపోసింది. పెద్దమనిషి దగ్గరకు మురికి వస్తువు తీసుకుపోతామా అని, నేను సంచిలోంచి బిల్ల తీసి చింతపండులో ముంచాను. పై పోర్షన్‌లో గుంటూరు నుంచి వచ్చిన టీచరమ్మ ఉండేది. అంతకుముందు ఆమె గోంగూర పచ్చడి కిందికి దిగేది, మా సర్వపిండి పైకెక్కేది. ఆ ఏడాది అవి రెండూ ఆగిపోయాయి. ఆమె మెట్ల మీద నిలబడి, "దాన్ని తోమకమ్మా, ఆ గీతల్లో నలుపుంటేనే అక్షరాలు కనపడతాయి. అలాగే పట్టుకెళ్లండి," అంది.

మా బిల్ల గురించి ఆంధ్రా ఆమె చెప్పేదేంది అనుకున్నాను. పదకొండేళ్లదాన్ని, గల్లీలో వినబడ్డదంతా తలకెక్కించుకున్నదాన్ని. ఆమె చూస్తుండగానే ఇటుకపొడి అద్ది, పీచుతో, భుజాలు నొప్పి పుట్టేదాకా తోమాను. బిల్ల బంగారంలా మెరిసింది. నాయనమ్మ దాన్ని చూసి మురిసిపోయి నా తల నిమిరింది.

మర్నాడు గడియారాల తాత కంటికి భూతద్దం పెట్టుకుని, బిల్లను వెలుగుకు ఇటూ అటూ తిప్పి, బొటనవేలితో తడిమాడు.

"అరె, గిట్ల ఎవరు తోమిండ్రమ్మా? నలుపుంటె లైన్లన్న కనబడుతుండె. అంతా సాఫ్ అయింది. నంబర్ ఒక్కటే ఉన్నది, మూడొందల నలభై ఏడు."

నాయనమ్మ కొంగు సర్దుకుని అడిగింది. "నంబరు జైలోళ్లకు ఉంటదా సాబ్, మిల్లోళ్లకు ఉంటదా?"

"ఇద్దరికి ఉంటదమ్మా."

నడుచుకుంటూ దిల్‌సుఖ్‌నగర్ దాకా వచ్చాక నాయనమ్మ నాకు మిర్చి బజ్జీలు కొనిచ్చింది. నేను పొట్లం విప్పకుండా చేతిలోనే పట్టుకున్నాను. "నువ్వేం జేస్తవ్ బిడ్డా, మంచిగనే తోమితివి," అంది. తిట్టి ఉంటే బాగుండేది! ఒక దెబ్బ వేసి ఉంటే ఇంకా బాగుండేది. ఆ అక్షరాలను కనీసం కాగితం మీద దించుకోవాలని నా మట్టిబుర్రకు తట్టలేదే అని ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను.

ఆ చలికాలమే నాయనమ్మ పోయింది. టీచరమ్మ ఇల్లు మారింది, మాట వినలేదని నన్ను ఒక్కనాడూ దెప్పలేదు. గడియారాల కొట్టు లేదు, మా గల్లీలో మేమున్న ఇల్లూ లేదు. రోజూ ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి మూసారాంబాగ్ మీదుగా పోతూ ఆ కొట్టు ఉన్న వైపు చూడకుండా ఉండలేను.

అత్తమ్మ పడుకున్నాక బిల్ల తీసి కిటికీ దగ్గర చూశాను. ఇన్నేళ్లలో దానికి నలుపు మళ్లీ పట్టింది. అంకెల గీతల్లో చిక్కగా పట్టింది. అక్షరాలుండిన చోటంతా ఒకే తీరుగా పట్టింది.