పరుపు కోసం కొత్తకోట దాకా

కొత్తకోటకు ఎవరూ పనిగట్టుకుని పోరు. బెంగుళూరు రోడ్డు మీద బస్సు ఆగితే దిగి చాయ తాగి, మళ్లీ ఎక్కే ఊరు అది. నేను మాత్రం ఎనభై తొమ్మిది ఎండాకాలంలో కేతేపల్లి నుంచి బస్సు మీద బస్సు మారి అక్కడికే పోయాను, ఒక పరుపు కోసం.

ఎందుకు పోవాల్సి వచ్చిందో ముందు చెప్తాను. మా ఆవిడ సుగుణ బోరింగు దగ్గర జారిపడింది. నడుము పట్టేసింది, ఎడమకాలు తిమ్మిరెక్కడం మొదలైంది. నల్లగొండలో చూసిన డాక్టరు, "గట్టి పరుపు మీద పడుకోబెట్టండి, లేకపోతే కాలు పడిపోతుంది" అన్నాడు. బడిపిల్లలకు రోజూ మాటల అర్థాలు చెప్పేవాణ్ని నేను, ఆ ఒక్క మాటకు అర్థం అడగలేదు. బయటికొచ్చి దుకాణంలో గట్టి పరుపు కావాలన్నాను. దుకాణదారు నాలుగు వేళ్ల మందం స్పంజి పరుపు తీసి, "గిది గట్టి మాల్ సార్, పదేండ్లయినా పాడుగాదు" అన్నాడు. సంతోషంగా తెచ్చి నులక మంచం మీద వేశాను. మంచం ఒక గుంట, పరుపు ఇంకో గుంట. సుగుణ అందులో మడతపడి పడుకునేది. రెండు నెలలు కంటినిండా నిద్ర లేదు.

"నన్ను జర కిందికి దింపుండ్రి" అని బతిమాలేది. మా ఇంట్లో ఎవరూ చెవిన వేసుకునే మాట కాదది. మా దిక్కు ప్రాణం పోయే మనిషినే మంచం మీది నుంచి కిందికి దింపుతారు. మా అమ్మ గోడకు తిరిగి కళ్లొత్తుకునేది. నేను, "గసొంటి మాటలు నోట్లెకెల్లి రానియ్యకు" అని కసిరేవాణ్ని. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి ఎట్లా దిగిందో ఏమో, వట్టి నేల మీద పడుకుని ఉంది. నేనూ అమ్మా పట్టుకుని మళ్లీ పరుపు మీదికి ఎక్కించాం. ఆమె ఏడ్చింది. బతుకు మీద ఆశ వదులుకుందని మేమూ ఏడ్చాం.

ఆ వారమే మా బడిలో ఇంకో సారు, కొత్తకోటలో ఖాజామియా అని ఒకాయన ఉన్నాడనీ, ఆయన కుట్టిన పరుపు మీద తన మామ నడుము నిలబడిందనీ చెప్పాడు. ఎక్కడో ఒక దారి ఉందంటే చాలు అన్న స్థితిలో ఉన్నాను. శనివారం సెలవు పెట్టాను.

పొద్దున అయిదున్నరకు రోడ్డు మీద నిలబడితే ఆరింటికి బస్సు దొరికింది. ఏడున్నరకు నల్లగొండ. బస్టాండులో రెండు ఇడ్లీలు తిన్నాను, చట్నీ పులిసింది. ఎనిమిదింటి దేవరకొండ బస్సులో కిటికీ పక్కన జాగా దొరికింది కానీ అద్దం లేదు. టికెట్ ధరలు రాయను, మీరు పోయేనాటికి ఎట్లాగూ మారిపోతాయి. దేవరకొండలో పదిన్నరకు కల్వకుర్తి బస్సు పట్టుకున్నాను. ఇటు నుంచి పోయేవాళ్లు నీళ్ల సీసా వెంట ఉంచుకోవాలి. రోడ్డుకు అటూ ఇటూ బండలు, ఎండిన తుమ్మలు, గొర్ల మందలు తప్ప ఏమీ లేవు. ఒక మంద అడ్డం రావడంతో బస్సు పావుగంట ఆగింది.

పక్కన కూర్చున్న గొల్ల ముసలాయన నా మొహం చూసి, "యాడికి సారూ, దవాఖానకా?" అని అడిగాడు.

"పరుపుకు" అన్నాను.

"మా దిక్కు పరుపు పెండ్లికి కొంటరు. నీ మొకంల పెండ్లి కళ లేదు" అన్నాడు. నవ్వబోయి మానుకున్నాను.

ఒంటిగంటకు కల్వకుర్తిలో అన్నం తిన్నాను. పప్పు నీళ్లగా ఉంది, ఆకలి ఉంది కాబట్టి దిగింది. అక్కడి నుంచి జడ్చర్ల, జడ్చర్లలో కర్నూలు బస్సు. కొత్తకోటలో దిగేసరికి నాలుగున్నర.

ఖాజామియా ఇల్లు వెతకనక్కర్లేదు, దూది ఏకే విల్లు మోత చెవిన పడితే అటే పోవాలి. వాకిట్లో ఆయన తలనిండా దూది పింజలతో విల్లు మీటుతున్నాడు. భార్య జైనబీ పరుపు అంచు కుడుతోంది. నేను కథంతా చెప్పి, ఎంత గట్టి పరుపైనా సరే కుట్టిమ్మన్నాను.

ఖాజామియా విల్లు ఆపాడు. "గట్టిది అంటే మందంది గాదు సార్, మనిషి మునగంది. మంచిగ ఏకిన పత్తి, పల్చగ, దగ్గర దగ్గర కుట్లు. ఇంతకు ఏ మంచం మీద ఏస్తరు?"

"నులక మంచం."

"అయితే నా పరుపు గూడ ఆమెతోని కలిసి గుంటలనే పడ్తది."

జైనబీ సూది ఆపలేదు. "మీ ఆమె ఏమంటది సార్? ఎట్ల పండుకుంటె మంచిగున్నదన్నది?"

డాక్టరు, దుకాణదారు, తోటి సారు, ఇందరిని అడిగాను. ఆమెను అడగలేదు.

"కింద పంటనంటది. పానం మీద ఆశ ఇడిసింది" అన్నాను.

అప్పుడు సూది ఆగింది. మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మేం పుట్టినకాంచి కిందనే పంటున్నం సార్. మేం సచ్చినమా?" అంది జైనబీ, నెమ్మదిగా. "ఆమె సస్తనంటలేదు. నడుముకు ఏం గావాల్నో చెప్తున్నది."

 అక్కడే దూది కుప్ప పక్కన కూర్చున్నాను.

వాళ్లిద్దరూ చేతిలో పని పక్కన పెట్టి, దీపాలు పెట్టే వేళ దాకా కూర్చుని, నేల మీద పరిచేందుకు రెండు వేళ్ల మందం పరుపు కుట్టారు. కుట్టాక ఖాజామియా నన్నే దాని మీద పడుకోమన్నాడు. పరుపు కొనేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోండి. వేలితో నొక్కి చూస్తే ఏమీ తెలియదు, వెల్లకిలా పడుకుని నడుము కిందికి చెయ్యి పోనిచ్చి చూడాలి. అంతకంటే ముందు, పడుకోబోయే మనిషిని అడగాలి. లాడ్జీ వద్దని వాళ్ల వరండాలోనే చాప వేశారు. అలిసిపోయి హాయిగా నిద్రపోయాను, పొద్దున లేచి అందుకు సిగ్గుపడ్డాను.

ఆదివారం ఆరింటి బస్సుకు బయలుదేరాను. బస్సు బస్సుకూ పరుపు చుట్టను మీదికి ఎక్కించడం, దించడం. దారిపొడుగునా ఏమీ చూడలేదు. అడిగిన మనిషిని ఎత్తి మళ్లీ గుంటలో వేసిన చేతులు ఇవేనని, వాటినే చూసుకుంటూ కూర్చున్నాను. కండక్టర్లు లగేజీకి గొణిగితే అడిగినంత ఇచ్చేశాను.

సాయంత్రం అయిదింటికి ఇల్లు చేరాను. పరుపు నేల మీద పరిచేసరికి అమ్మ చెయ్యి పట్టుకుంది. "వద్దు కొడకా, ఆమెను కింద ఎయ్యకు" అని, నేను ఆగకపోయేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వాకిట్లోకి పోయింది. సుగుణను నేనొక్కణ్నే దించాను. నడుము పరుపుకు ఆనగానే పెద్దగా ఊపిరి వదిలింది. "గిన్ని దినాలకు" అంది. ఆమె మెడ కింద నుంచి నా చెయ్యి తీసేలోగానే నిద్రపట్టింది.

వాకిట్లో అమ్మ వాలకం చూసి ఇరుగుపొరుగు ఆడవాళ్లు ముగ్గురు గడప దాకా వచ్చారు. నేల మీద సుగుణను చూసి అక్కడే ఆగిపోయారు.

"నిద్రవోయింది" అన్నాను.

వాళ్లకు ఆ మాట ఇంకోలా వినపడింది. ఒకామె గొల్లుమంది, వెనక మిగతా ఇద్దరూ ఏడుపు ఎత్తుకున్నారు. చెయ్యి అడ్డం పెట్టి లేదు, లేదు అంటున్నాను కానీ నా కళ్లలో నీళ్లు చూసి ఎవరూ నమ్మలేదు. సుగుణ కదల్లేదు. ఆ కాలు తర్వాత కూడా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు, ఇప్పటికీ ఈడుస్తూనే నడుస్తుంది. ఆ సాయంత్రం మాత్రం తన తలాపునే నలుగురు ఏడుస్తున్నా లేవనంత నిద్రపోయింది. ఆ నిద్రకు ఇంట్లోని వట్టి నేల చాలు. రెండు నెలలు నేను అది ఇవ్వలేదు.